ఛాతీ గాయం: గొట్టంతో తేలిపోయేదెప్పుడు, ఛాతీ తెరవాల్సిందెప్పుడు

ఛాతీ దెబ్బతో వార్డులో చేరినవాళ్ల మంచం కింద ఒక సీసా ఉంటుంది. ఛాతీలో చేరిన రక్తం, గాలి ఒక గొట్టంలోంచి వచ్చి అందులో పడతాయి. దాని పక్కన నిలువుగా అంటించిన తెల్ల ప్లాస్టరు, దాని మీద పెన్నుతో గీసిన అడ్డగీతలు, ఒక్కో గీత పక్కన టైము: రాత్రి 11, 12, 1, 2. బంధువులు స్కాన్ రిపోర్టు పట్టుకుని ఆపరేషన్ ఎప్పుడని అడుగుతుంటారు. ఆ రాత్రి నిర్ణయం మాత్రం ఎక్కువసార్లు ఆ గీతల మధ్య ఎడంలోనే ఉంటుంది. ఎడం గంటగంటకీ తగ్గుతుంటే ఊరట. తగ్గకపోతే థియేటర్‌కు కబురు వెళ్లాల్సిందే.

పక్కటెముకలు ఆరు విరిగాయంటే, ఛాతీలో రక్తం చేరిందంటే, ఇక కోసి బాగుచేయడమే మార్గం అనిపించడం సహజం. లెక్క మాత్రం వేరు. మొద్దుదెబ్బల్లో, అంటే బైక్ హ్యాండిల్ గుద్దుకోవడం, స్టీరింగ్‌కు ఛాతీ కొట్టుకోవడం, తాటిచెట్టు మీంచి గీత కార్మికుడు జారిపడటం లాంటివాటిలో, ఛాతీ తెరవాల్సి వచ్చేది పదిమందిలో ఒకరికి కూడా కాదు. కత్తిపోటు, తూటా, ఎద్దు కొమ్ము లాంటి లోపలికి దిగిన గాయాల్లో నూటికి 15 నుంచి 30 మందికి అవసరం పడుతుంది. మిగతావాళ్లకు గొట్టం, ఆక్సిజన్, గట్టి నొప్పిమందు, ఊపిరి వ్యాయామం, ఓపిక సరిపోతాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న గాయం ఎంత పెద్దదని కాదు. రక్తం ఎక్కడి నుంచి వస్తోంది, గాలి ఎక్కడి నుంచి వస్తోంది, ఆ రంధ్రం తనంతట తను మూసుకునే రకమా కాదా అన్నదే.

ఊపిరితిత్తి ఎందుకు దానంతటదే ఆగుతుంది

చేతి దగ్గర కొలిచే బీపీ 120 ఉన్న మనిషికి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే రక్తనాళాల్లో పై పీడనం 25 దగ్గరే ఉంటుంది. పైగా ఊపిరితిత్తి కణజాలంలో రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం దండిగా ఉంటుంది. గొట్టం వేసి బయటి గాలినీ రక్తాన్నీ తీసేస్తే ఊపిరితిత్తి మళ్లీ విచ్చుకుని ఛాతీగోడకు అతుక్కుంటుంది. ఆ అతుక్కోవడమే చిరుగు మీద అరచెయ్యి పెట్టి నొక్కినట్టు పనిచేస్తుంది. చాలా రక్తస్రావాలు గొట్టంతోనే ఆగిపోవడానికి కారణం ఇదే. గొట్టం రక్తాన్ని తీసెయ్యడమే కాదు, ఒక రకంగా రక్తస్రావానికి చికిత్స కూడా.

పక్కటెముకల కింది అంచున పరుగెత్తే ధమనుల సంగతి వేరు. అవి చాలావరకు బృహద్ధమని నుంచి నేరుగా పుడతాయి. రొమ్ముటెముకకు ఇరువైపులా దిగే ధమనులు కూడా పెద్ద పీడనంతోనే నడుస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని నాళమైనా సరే, తెగితే 120 పీడనంతో చిమ్ముతుంది. ఊపిరితిత్తి చిరుగు చూరునీళ్ల ధార అయితే ఇది బోరు పైపు పగలడం. ఛాతీలో ఒక్కో పక్క రెండు మూడు లీటర్ల దాకా పడుతుంది కాబట్టి బయట చుక్క కనిపించకుండానే మనిషి పోవచ్చు. రక్తస్రావం కోసం ఛాతీ తెరిచినప్పుడు తరచు దొరికే దోషి ఈ గోడ ధమనే.

సీసా కంటే ముందు చూడాల్సింది

రెండు పరిస్థితులు ఎక్స్‌రే కోసం కూడా ఆగనివ్వవు. మొదటిది టెన్షన్ న్యూమోథొరాక్స్: ఊపిరితిత్తి చిరుగు కవాటంలా మారి, ప్రతి ఊపిరికీ గాలిని ఛాతీలోకి వదిలి వెనక్కి రానివ్వదు. ఒక పక్క ఛాతీ కదలదు, స్టెతస్కోప్‌కు శబ్దం ఉండదు, బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి. రక్తం బాగా పోయి ఉంటే ఆ ఉబ్బు కనిపించకపోవచ్చు కూడా. వెంటనే సూది, ఆపైన గొట్టం. పెద్దవాళ్లకు ఆ సూది ఎక్కడ పెట్టాలన్నది 2018లో మారింది. అంతకుముందు కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి, రెండో పక్కటెముకల సందులో గుచ్చేవారు. ఇప్పుడు ఐదో సందులో, చంక మధ్యగీతకు కాస్త ముందు. కారణం సాదా సీదాదే: పైన కండ మందం ఎక్కువ, మామూలు కాన్యులా సూది లోపలికి చేరక మధ్యలోనే ఆగిపోయేది. పిల్లలకు మాత్రం పాత చోటే.

రెండోది గోడకు పడ్డ పెద్ద రంధ్రం. ఊపిరి తీసినప్పుడల్లా గాలి అందులోంచి చప్పరిస్తున్నట్టు శబ్దం చేస్తుంది. దాని మీద ప్లాస్టిక్ షీటో, గాలి చొరబడని డ్రెస్సింగో పెట్టి మూడు వైపులే అంటించాలి. నాలుగు వైపులా బిగించి గొట్టం వెయ్యకుండా వదిలేస్తే దాన్ని మనమే టెన్షన్‌గా మార్చినట్టు. గుచ్చుకుని ఉన్న కత్తినీ, ఇనుప చువ్వనీ దారిలో లాగెయ్యడం కూడా అలాంటి తప్పే. ఆ వస్తువే తెగిన నాళానికి బిరడాగా ఉండి ఉండొచ్చు. చువ్వ పొడుగైతే బయట కోసి, కదలకుండా కట్టి, థియేటర్‌లో తీస్తారు.

గొట్టం సరిగ్గా లేకపోతే లెక్కంతా తప్పే

ఆసుపత్రి భాషలో ‘ఐసీడీ’ అనే ఈ గొట్టం చంక కింద, మగవాళ్లలో చనుమొన ఎత్తున, ఐదో సందులో వేస్తారు. ప్రమాద గాయాలకు వాడేది 28 నుంచి 32 ఫ్రెంచ్ సైజు. ఆ అంకెను మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు: 28 అంటే తొమ్మిది మిల్లీమీటర్ల పైచిలుకు మందం. ఒట్టి గాలే ఉంటే 14 ఫ్రెంచ్ సన్నని గొట్టం కూడా పనిచేస్తుంది. తాజా రక్తం ఉన్నప్పుడు గడ్డలతో పూడిపోతుందన్న జంకుతో చాలామంది పెద్దదే ఎంచుకుంటారు.

రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, కింది పక్కటెముక పై అంచు మీదుగా దారి చేయాలి. ఎముక కింది అంచున నరం, ధమని ఉంటాయి గనుక అక్కడ గుచ్చితే చికిత్సే గాయమవుతుంది. దారి అయ్యాక గ్లవ్ వేసుకున్న వేలు లోపలికి పెట్టి చుట్టూ తిప్పి చూడటం తప్పనిసరి. తగిలేది ఊపిరితిత్తా, ఛాతీలోకి ఎక్కి వచ్చిన పొట్టా అన్నది ఆ వేలికే తెలుస్తుంది. ఆ ఒక్క అడుగు మానేసినందుకు గొట్టం జీర్ణాశయంలోకి దిగిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. గొట్టానికి పక్కన ఉండే చివరి కన్ను కూడా ఛాతీ లోపలికి పోవాలి. అది చర్మం కింద ఉండిపోతే బయటి గాలి లోపలికి పీల్చుకుని సీసాలో బుడగలు వస్తూనే ఉంటాయి, ఊపిరితిత్తి చిరిగిందని అందరూ కంగారుపడతారు.

సీసాలో గొట్టం కొస నీళ్లలో రెండు సెంటీమీటర్లే మునగాలి. ఎక్కువ మునిగితే గాలి బయటికి రావడానికి అంత బరువు నెట్టాలి. ఊపిరి తీసి వదిలినప్పుడు గొట్టంలో నీళ్లు పైకీ కిందికీ ఊగాలి. ఊగుతున్నాయంటే దారి తెరిచి ఉందని అర్థం. స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు ట్రాలీ మీద పేషెంటు పక్కనే సీసా పెట్టడం మన వార్డుల్లో రోజూ కనిపించే పొరపాటు. సీసా ఛాతీ కంటే పైకి లేస్తే అందులోని నీళ్లు లోపలికి పోతాయి. దానికి విరుగుడని గొట్టానికి క్లాంపు బిగించడం ఇంకా ప్రమాదం. గాలి కారుతున్న మనిషికి గొట్టం మూశామంటే టెన్షన్‌ను చేతులారా తెచ్చినట్టే. సీసాను కిందికి వేలాడేసి పట్టుకుని నడిస్తే చాలు.

1500, 200

ఇప్పుడు అంకెలు. గొట్టం వెయ్యగానే ఒక్కసారిగా 1500 మి.లీ. రక్తం వస్తే ఛాతీ తెరవాలి. అంత రాకపోయినా గంటకు 200 మి.లీ. చొప్పున రెండు నుంచి నాలుగు గంటలు ఆగకుండా వస్తుంటే తెరవాలి. రక్తం ఎక్కిస్తున్నా బీపీ నిలవకపోతే, లేదా మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించాల్సి వస్తుంటే, సీసాలో అంకె ఎంతైనా తెరవాలి. 24 గంటల మొత్తం 1500 దాటుతుంటే కూడా సర్జన్ పిలుపు అందుకోవాలి. ప్రపంచమంతా ట్రామా శిక్షణలో చెప్పే హద్దులు దాదాపుగా ఇవే.

వీటిని అంకెల్లా కాకుండా మనిషితో కలిపి చదవాలి. మన ఒంట్లో రక్తం కిలోకు సుమారు 70 మి.లీ. 80 కిలోల మనిషికి 5600. 45 కిలోల మనిషికి 3150. మొదటివాడికి 1500 అంటే నాలుగోవంతు పైన, రెండో మనిషికి దాదాపు సగం. కూలిపనికి వెళ్లే బక్కపల్చని మనిషి విషయంలో 1500 రేఖ తాకేదాకా కూర్చోవడం పుస్తకాన్ని చూసి మనిషిని మరచిపోవడమే. పిల్లలకు ఒంటి బరువు లెక్కే వాడాలి: మొదటి విడతలో కిలోకు 15 నుంచి 20 మి.లీ. వస్తే అదే పెద్దల 1500తో సమానం.

లెక్క తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. సీసాలో ముందే పోసిన నీళ్లు తీసెయ్యడం మరిచిపోతే 400 రక్తం కాస్తా 900 అయి కూర్చుంటుంది. పేషెంటును పక్కకు తిప్పగానే ఒక్కసారి 300 మి.లీ. ముదురు రంగు రక్తం దూకితే అది మూలన నిలిచిన పాతదే కావచ్చు. ఆ తర్వాతి గంట ఎంతొచ్చిందో చూస్తేనే తేలుతుంది. అన్నిటికంటే మోసం చేసేది సున్నా. రెండు గంటలుగా ఒక్క చుక్క రాలేదని అందరూ హాయిగా ఉంటే, గొట్టం నిండా గడ్డ కూరుకుని, నీళ్లు ఊగడం ఆగిపోయి, లోపల లీటరున్నర చేరి ఉండొచ్చు. సీసా ఆగి, నాడి వేగం పెరుగుతుంటే వెంటనే ఎక్స్‌రే తియ్యాలి. ఆ పక్క తెల్లగా కనిపిస్తే సీసాను నమ్మకూడదు. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో రక్తం వీపు వెంట పలచగా పరుచుకుని ఒక మసక పొరలా మాత్రమే కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. కూర్చోబెట్టి తీసినదాంట్లో కూడా 200–300 మి.లీ. చేరితే గానీ కింది మూల మొద్దుబారదు.

ఇంకో చిక్కు. రక్తస్రావమంతా కుట్టు వేస్తే ఆగే రకం కాదు. ఒళ్లు చల్లబడి, రక్తం ఆమ్లంగా మారి, గడ్డకట్టే గుణం పోయినప్పుడు గాయం అంచులన్నీ ఊటలా కారుతుంటాయి. అప్పుడు ఛాతీ తెరిస్తే కారే చోట్లు మరికొన్ని తోడవుతాయి, అంతే. అందుకే మొదటి నిమిషం నుంచే వెచ్చటి దుప్పటి, వెచ్చబరిచిన సెలైన్, సెలైన్ కంటే రక్తానికే మొగ్గు, అదీ ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమానంగా. కట్టిన గడ్డ కరగకుండా కాపాడే ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే మందు గాయమైన మూడు గంటల్లోపే ఇవ్వాలి: పది నిమిషాల్లో ఒక గ్రాము, ఆపై ఎనిమిది గంటల్లో మరో గ్రాము. మూడు గంటలు దాటాక మొదలుపెడితే మేలు కంటే కీడు ఎక్కువని 2010 నాటి పెద్ద అంతర్జాతీయ అధ్యయనం క్రాష్-2 ఫలితాల్లోనే తేలింది. గుండెజబ్బుకు రక్తం గడ్డకట్టనివ్వని క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి మందులు వాడే పెద్దవయసువాళ్ల సంగతి ముందే చెప్పకపోతే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. పేషెంటు నిలకడగా ఉండి, సీటీలో గోడ ధమని నుంచే కారుతోందని తేలితే, ఆ సౌకర్యం ఉన్నచోట తొడ దగ్గరి నుంచి సన్నని తీగ పంపి ఆ నాళాన్ని మూసేస్తారు. ఛాతీ తెరవక్కర్లేదు.

గాలి ఆగనప్పుడు

రక్తం మీద ఉన్నంత శ్రద్ధ బుడగల మీద ఉండదు. దగ్గినప్పుడు నాలుగు బుడగలు వస్తే పర్వాలేదు, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఊపిరి తీసినా వదిలినా సీసా మరుగుతున్న ఎసరులా ఉంటే, గొట్టం వేసినా ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకోకపోతే, రెండో గొట్టం వేసినా అదే తీరైతే, చిరిగింది ఊపిరితిత్తి అంచు కాదు, పెద్ద శ్వాసనాళం. మొద్దుదెబ్బల్లో ఇది ఎక్కువగా శ్వాసనాళం రెండుగా చీలే చోటికి 2.5 సెం.మీ. లోపే జరుగుతుంది. మెడ, ముఖం దాకా చర్మం కింద గాలి చేరి, నొక్కితే ఉప్పు కరకరలాడినట్టు చప్పుడవుతుంది. శ్వాసనాళంలోకి పంపే కెమెరా గొట్టం, బ్రాంకోస్కోప్‌తో చూసి నిర్ధారించాక కుట్టక తప్పదు. గొట్టం సీసాకు సక్షన్ పెంచితే ఇలాంటివాళ్లకు ఊపిరి ఇంకా ఆడదు, ఎందుకంటే లోపలికి తీసుకున్న గాలంతా సీసాలోకే లాగేస్తున్నాం.

గాలి విషయంలో ఇంకో జాగ్రత్త. సీటీలో మాత్రమే కనిపించే చిన్న గాలి పొర, మందం 35 మి.మీ. లోపు ఉండి మనిషి నిలకడగా ఉంటే, గొట్టం కూడా లేకుండా గమనించొచ్చు. అయితే అదే మనిషిని కాలు విరిగిందని మత్తిచ్చి ఆపరేషన్‌కు తీసుకెళ్తే యంత్రం నెట్టే గాలి ఆ చిన్న పొరను నిమిషాల్లో టెన్షన్‌గా మార్చగలదు. గొట్టం ముందే వెయ్యాలా, దగ్గర పెట్టుకుని చూడాలా అన్నది మత్తు డాక్టరుతో కలిసి తేల్చుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే చూడకుండా తొడ ఎముకకు రాడ్ వెయ్యడానికి తొందరపడటం మంచిది కాదు.

గుండె పెట్టె

పైన కాలర్ ఎముకలు, కింద పక్కటెముకల అంచు, పక్కల చనుమొనల గీతలు. ఈ చతురస్రంలో పడ్డ పోటు, కోత అంగుళమే ఉన్నా సరే, కాదని రుజువయ్యేదాకా గుండె గాయమే. గుండె చుట్టూ ఉన్న పొర సాగదు. అందులో వేగంగా 100–150 మి.లీ. రక్తం చేరితే చాలు, గుండె నిండలేక కొట్టుకోవడం మానేస్తుంది. 1500 లెక్క ఇక్కడ పనికిరాదు. మెడనరాల ఉబ్బు, తక్కువ బీపీ, మందగించిన గుండె చప్పుడు అనే మూడు గుర్తులూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. మంచం పక్కనే చేసే అల్ట్రాసౌండ్ రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది.

ఆ అల్ట్రాసౌండ్ కూడా మోసపోయే సందర్భం ఒకటుంది. కత్తి గుండె పొరను ఎడమ ఛాతీలోకి చీల్చుకుని పోతే రక్తం పొరలో నిలవకుండా ఎడమ పక్కకు కారిపోతుంది. స్క్రీన్ మీద గుండె చుట్టూ శుభ్రంగా కనిపిస్తుంది, ఎడమ సీసా మాత్రం నిండుతుంటుంది. గుండె పెట్టెలో పోటు, ఎడమ ఛాతీలో రక్తం, అల్ట్రాసౌండ్ నార్మల్: ఈ మూడూ కలిస్తే నార్మల్ అన్న మాటకు విలువ ఇవ్వకూడదు.

పొరలోంచి సూదితో 15–20 మి.లీ. లాగినా కాసేపు ప్రాణం నిలవొచ్చు. కానీ రక్తం గడ్డకట్టి ఉంటే సూదికి రాదు, కాబట్టి అది థియేటర్ చేరేదాకా తాత్కాలిక ఏర్పాటే. ఈ పేషెంటుకు మత్తిచ్చిన క్షణంలో బీపీ కుప్పకూలుతుంది. అందుకే ఛాతీకి మందు పూసి, గుడ్డలు కప్పి, సర్జన్ చేతిలో కత్తి సిద్ధంగా ఉన్నాకే మత్తు మొదలుపెడతారు. 1896లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ కత్తిపోటు పడిన గుండె కుడి గదికి పట్టుదారంతో మూడు కుట్లు వేసి మనిషిని బతికించేదాకా గుండెను కుట్టడం సాధ్యమని వైద్యలోకం నమ్మలేదు. ఇప్పుడు ఆ కుట్టు కష్టం కాదు. కుట్టే చేతి దాకా మనిషి చేరడమే కష్టం.

గుండె ఆగిపోయాక ఎమర్జెన్సీ గదిలోనే ఛాతీ తెరవడం అనేది సినిమాల్లో కనిపించినంత తరచు జరగదు, జరగకూడదు కూడా. పోటు గాయమై, గుండె మసాజ్ మొదలుపెట్టి 15 నిమిషాలు దాటకపోతే అవకాశం ఉంది. మొద్దుదెబ్బకు ఆ గడువు 10 నిమిషాలు, అక్కడ కూడా బతికేవాళ్లు బహు తక్కువ. ఆపైన తెరిస్తే పేషెంటుకు ఒరిగేదేమీ లేదు, సిబ్బందికి రక్తం అంటుకునే ప్రమాదం మాత్రం ఉంది.

ఆగగలిగినవి, దాక్కునేవి

బృహద్ధమని గాయం పేరు వింటేనే భయం. వేగంగా వెళ్తున్న కారు గోడను గుద్ది ఆగినప్పుడు, ఎడమ చేతి ధమని పుట్టే చోటు దాటగానే ఆ నాళం చిరుగుతుంది. పూర్తిగా తెగినవాళ్లు ఎక్కువమంది దారిలోనే పోతారు. ఆసుపత్రికి ప్రాణంతో చేరినవాళ్లలో చిరుగును పై పొర పట్టుకుని ఉంటుంది. వాళ్ల విషయంలో పరుగు అక్కర్లేదు. పై బీపీని 100–120 మధ్య అదుపులో పెట్టి, ముందు పొట్ట, తల గాయాలు చూసుకుని, తర్వాత తొడ నుంచి స్టెంటు పంపుతారు. లోపలి పొర మాత్రమే గీరుకుంటే మందులు, మళ్లీ సీటీ చాలు.

అన్నవాహిక గాయం అరుదు, కానీ తెలియకుండా 24 గంటలు గడిస్తే ఛాతీలో చీము, జ్వరం, ప్రాణాపాయం. పోటు ఛాతీ మధ్యగీతను దాటి వెళ్లిందనిపిస్తే మందు తాగించి ఫొటో తీయడమో, ఎండోస్కోపీ చేయడమో తప్పదు.

డయాఫ్రమ్ ఇంకా గడసరి. ఎద్దు కొమ్ము, కత్తి ఎడమ పక్క చనుమొన కింద నుంచి పక్కటెముకల అంచు దాకా ఎక్కడ దిగినా, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న ఈ కండర పొర చిరిగి ఉండొచ్చు. మొదటి రోజు నొప్పి లేదు, సీటీలో ఏమీ లేదు, కుట్లు వేసి పంపేస్తారు. ఆ రంధ్రం మాత్రం మానదు. కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ, కాబట్టి నెలలకో ఏళ్లకో పేగు అందులోంచి పైకి జారి నొక్కుకుపోతుంది. అందుకే ఎడమ పక్క ఇలాంటి పోటు పడి, వెంటనే పొట్ట తెరవాల్సిన అవసరం లేకపోతే, ఒకటి రెండు రోజుల్లో లాప్రోస్కోపీ కెమెరాతో చూడటం మేలు. కుడి పక్క కాలేయం అడ్డుగా ఉంటుంది గనుక భయం తక్కువ. ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టం ఎక్స్‌రేలో ఛాతీలో చుట్టుకుని కనిపిస్తే ఇక ఏ పరీక్షా అక్కర్లేదు.

విరిగిన పక్కటెముకలకు ప్లేట్లు

పాతకాలంలో ఛాతీకి గట్టిగా పట్టీ కట్టేవారు. ఇప్పుడది చెయ్యకూడదు. ఊపిరి నిండా తీయనివ్వక న్యుమోనియా తెచ్చేది ఆ పట్టీయే. ఎముక విరిగినందుకు కాదు, నొప్పికి దగ్గలేకపోవడం వల్లే పెద్దవయసువాళ్లు పోతారు. 65 దాటినవాళ్లకు మూడు ఎముకలు విరిగితే ఇంట్లో మాత్రలతో సరిపెట్టకుండా చేర్చుకుని చూడటం మంచిది.

వరసగా ఉన్న ఎముకలు ఒక్కోటి రెండేసి చోట్ల విరిగితే ఆ ముక్క గోడ నుంచి విడిపోయి ఊపిరి తీసినప్పుడు లోపలికీ, వదిలినప్పుడు బయటికీ పోతుంది. దాని కింద ఊపిరితిత్తి కమిలి ఉంటుంది, ఆ కమిలిన గాయం 24–48 గంటల్లో ముదురుతుంది. మొదటి రాత్రి మాట్లాడుతున్న మనిషి రెండో రాత్రి వెంటిలేటర్ మీదికి వెళ్లేది ఇందుకే. వీపులో నరాలకు మత్తిచ్చే ఎపిడ్యూరల్ లాంటి నొప్పి ఉపశమనం ఇచ్చినా ఊపిరి చాలకపోతే, లేదా గోడ కుంగి ఆకారమే చెడితే, టైటానియం ప్లేట్లు బిగించడం మేలు చేస్తుంది. చెయ్యాలనుకుంటే మొదటి 72 గంటల్లోపు చెయ్యాలి. వారం వెంటిలేటర్ మీద ఉంచి ఆపై ప్లేట్లు వేస్తే దక్కే లాభం సగం పోయినట్టే. ఊపిరితిత్తి బాగా కమిలి, దానివల్లే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు మాత్రం ప్లేట్ల వల్ల ఒరిగేది తక్కువ. ఎముకలు రెండో మూడో విరిగి, కదలకుండా ఉన్నవాళ్లకు ప్లేట్లు వేద్దామంటే ఎందుకని అడగడంలో తప్పులేదు.

మూడో రోజు

మొదటి గంట గురించి అందరూ మాట్లాడతారు. చేజారిపోయే నిర్ణయం మూడో రోజుది. రక్తస్రావం ఆగింది, బీపీ బాగుంది, సీసాలో ఏమీ రావడం లేదు. కానీ ఎక్స్‌రేలో ఆ పక్క కింది భాగం తెల్లగానే ఉంది. అక్కడ మిగిలింది గడ్డ. మరో గొట్టం వేస్తే వస్తుందేమోనని చూస్తూ రోజులు గడిపేస్తారు. గడ్డ గొట్టంలోంచి రాదు, రెండో గొట్టం వల్ల క్రిములకు మరో తలుపు తెరుచుకోవడమే ఎక్కువ. ఈ దశలో ఎక్స్‌రే చాలదు, సీటీ తియ్యాలి. తెల్లగా కనిపించేది రక్తమా, కమిలిన ఊపిరితిత్తా అన్నది ఎక్స్‌రేకు తెలియదు. సీటీలో 500 మి.లీ. పైగా గడ్డ ఉందని తేలితే, దెబ్బ తగిలిన మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు కెమెరా ఆపరేషన్ చెయ్యాలి. దీన్ని వ్యాట్స్ అంటారు. రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి గడ్డ కడిగి తీసేస్తే ఊపిరితిత్తి కళ్లముందే విచ్చుకుంటుంది. గాలి లీకు మూడో రోజుకీ ఆగకపోయినా ఇదే దారి.

వారం దాటితే గడ్డ పొరలకు అతుక్కుంటుంది. ఆపైన చీము పట్టొచ్చు, లేదా ఊపిరితిత్తి మీద మందపాటి తొక్క కడుతుంది. ఆ తొక్క ఒలవడానికి ఛాతీ పెద్దగా తెరవాలి, రక్తం పోతుంది, ఆసుపత్రిలో వారాలు పడతాయి. కెమెరా సౌకర్యం లేనిచోట గొట్టంలోంచి స్ట్రెప్టోకైనేజ్ లాంటి గడ్డ కరిగించే మందు వదలడం రెండో దారి. అది అందరికీ పనిచెయ్యదు, ఏమీ చెయ్యకపోవడం కంటే నయం.

ఎక్కడ చేస్తారు, ఏం అడగాలి

గొట్టం వెయ్యడం జిల్లా ఆసుపత్రిలోనూ అవుతుంది, ఛాతీ తెరిచి ధమని కట్టే సర్జన్, రక్తనిధి, వెంటిలేటర్ ఒకేచోట ఉండేవి పెద్ద ఊళ్లలోనే. అందుకని గంటకు 200 వస్తున్న పేషెంటును ఎక్కడో కూర్చోబెట్టి నాలుగో గంట కోసం ఎదురుచూడటం తగదు. మొదటి గంటలోనే వెయ్యి దగ్గరికి వస్తే అప్పుడే గుండె, ఛాతీ ఆపరేషన్లు చేసే సర్జన్ ఉన్నచోటికి ఫోన్ చెయ్యాలి. గొట్టం వేశాకే బండి ఎక్కించాలి. 108 అంబులెన్స్‌లో సీసా కింద ఉండాలి, గొట్టం మెలిపడకూడదు. పేషెంటుతో పాటు వెళ్లాల్సిన చీటీలో గొట్టం ఎన్ని గంటలకు వేశారు, వెంటనే ఎంత వచ్చింది, ఆపై గంటకెంత, ఎన్ని యూనిట్ల రక్తం ఎక్కింది అన్నవి ఉంటే చాలు, అవతలి సర్జన్ సగం నిర్ణయం చీటీ చూసే తీసుకుంటాడు. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల మేరకు నగదు లేకుండా చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. డబ్బు కట్టేదాకా గొట్టం ఆపే పరిస్థితి వస్తే ఆ మాట గుర్తు చెయ్యాలి.

మంచం పక్కన ఉన్నవాళ్లు అడగాల్సినవి కొన్నే. గంటకు ఎంత వస్తోంది, తగ్గుతోందా? ఊపిరితిత్తి విచ్చుకుందా? లోపల ఏమైనా మిగిలిందా? ఈ మూడింటికి జవాబు ఉంటే ఆపరేషన్ ఎందుకు చేస్తున్నారో, ఎందుకు చెయ్యడం లేదో రెండూ అర్థమవుతాయి.

గొట్టం తియ్యడానికీ లెక్క ఉంది. బుడగలు పూర్తిగా ఆగి ఒక రోజు గడవాలి, 24 గంటల్లో వచ్చేది 200 మి.లీ. లోపు, అదీ రక్తంలా కాకుండా పలచగా ఉండాలి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి గోడను తాకాలి. ఊపిరి వదిలించి, ముక్కు మూసుకుని ముక్కమని చెప్పి, ఒక్క లాగుతో తీసి కుట్టు బిగిస్తారు. కొన్ని గంటల తర్వాత మరో ఎక్స్‌రే. ఇంటికి వెళ్లాక జ్వరం, పెరుగుతున్న ఆయాసం, ఒక పక్క కొత్త నొప్పి వస్తే వెంటనే వెనక్కి రావాలి. సెలవుకు వచ్చి ఇక్కడ బండి మీంచి పడ్డ గల్ఫ్ కార్మికులు టికెట్ తేదీ దగ్గరపడిందని తొందరపడుతుంటారు. ఎక్స్‌రేలో గాలి పూర్తిగా పోయాక కనీసం రెండు వారాలు ఆగి విమానం ఎక్కాలి, ఎత్తుకు వెళ్లేకొద్దీ ఛాతీలో మిగిలిన గాలి వ్యాకోచిస్తుంది గనుక.